మూడో కంపెనీ గడ్డి బండ్లు

ఫోన్ మోగితే ఆస్పత్రి నుంచేమో అనుకునే మనిషి నీరజ. మోగకపోతే, ఆస్పత్రివాళ్ళకి తన నంబరు దొరకలేదేమో అనుకుంటుంది. అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో వాళ్ళింటి నుంచి యూనివర్సిటీకి నడిస్తే పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల్లో కూతురు గీతికకి జరగగల ఘోరాలన్నీ ఆమె మనసులో వరసగా సిద్ధంగా ఉంటాయి. చెరువులో పడిపోవడం, కారు గుద్దేయడం, సెప్టెంబరు నెలైతే గుడ్లు పెట్టిన మ్యాగ్‌పై పిట్ట ఎగిరొచ్చి కంట్లో పొడవడం.

"నీ బుర్రలో ఒక న్యూస్ ఛానల్ నడుస్తుందోయ్. ఇరవై నాలుగ్గంటలూ బ్రేకింగే," అంటాడు మొగుడు భానుప్రసాద్.

అలాంటి మనిషి పోయి పోయి ముసలివాళ్ళని చూసుకునే పనిలో చేరింది. నరసరావుపేటలో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కిన ఇంటర్ చదువుకి అడిలైడ్‌లో దొరికిన పని అదే. ఆరేళ్ళయింది. ఇంటింటికీ వెళ్ళి స్నానం చేయించడం, మందులు మింగించడం, వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడగడం, వచ్చేముందు ఫోన్‌లో నోట్సు రాయడం. రోజుకి ఐదిళ్ళు. సాయంత్రం కారు దిగేటప్పుడు నడుము పట్టుకుని, ముందు ఒక కాలు, తరవాత రెండో కాలు బయట పెట్టుకుని దిగుతుంది.

సోమవారం, గురువారం మొదటి ఇల్లు సాలిస్‌బరీలో ఇల్సా ఆంటీది. క్లయింట్లని పేరు పెట్టి పిలవాలని ఆఫీసు రూలు. నీరజకి నోరు రాదు. "ఎనభై ఆరేళ్ళకి ఆంటీనయ్యానా! సరే, పిలువు," అని ఆవిడే ఒప్పుకుంది. జర్మనీలో పుట్టి, పదహారో ఏట తల్లితోపాటు ఓడెక్కి ఇక్కడికొచ్చిన మనిషి. భర్త పోయి పదేళ్ళు. కొడుకు పెర్త్‌లో ఉంటాడు. గుండె బలహీనం, చూపు మధ్యలో నల్లటి మచ్చ. ఎదుటి మనిషి ఆకారం కనిపిస్తుంది, ముఖం కనిపించదు. అక్షరాలు అసలే కనిపించవు.

ఇదంతా మొదలైంది నీరజ చేసిన పొరపాటుతోనే.

ఆగస్టు చివర్లో ఒక సోమవారం, ఆవిడ వీపు రుద్దుతూ, వచ్చే నెల మూడో ఆదివారం సెలవు పెట్టానని చెప్పింది. ఎందుకంటే చెప్పింది. పోయిన పెద్దవాళ్ళకి నీళ్ళు వదిలే పక్షం రోజులు వస్తున్నాయి, చివరి రోజు మహాలయ అమావాస్య, ఆ రోజు మా ఆయన వాళ్ళ నాన్నకి తర్పణం వదులుతాడు అని.

ఇల్సా ఆంటీ విని, "మా నాన్నకి ఎవరూ ఏమీ చెయ్యలేదు. సమాధి కూడా లేదు," అంది.

అప్పుడు నీరజ నోరు ఊరుకుందా! "మా ఆయనతో మీ నాన్నగారికి కూడా వదిలిస్తాను ఆంటీ. పేరు చెప్పండి. పోయిన తేదీ తెలుసా?"

తేదీ తెలియదు. హిట్లర్ సైన్యంలో కాలినడకన పోయే పదాతి డివిజన్ ఒకదానిలో, మూడో కంపెనీలో గుర్రబ్బండి తోలేవాడు ఎరిక్. రష్యా మీద యుద్ధానికి పోయాడు. 1943 శరదృతువు నుంచి ఆచూకీ లేదని ఒక కాగితం వచ్చింది. అంతే. అప్పటికి ఇల్సాకి నాలుగేళ్ళు.

తేదీ తెలియనివాళ్ళకి ఆ అమావాస్య ఎలాగూ ఉంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. కానీ నీరజకి ఏ పని చేసినా ఏదో లోపం జరిగిపోతుందనీ, ఆ లోపం వచ్చి తన పిల్లకి తగులుతుందనీ భయం. "తేదీ తెలిస్తే ఇంకా మంచిది ఆంటీ. తిథి చూసి సరిగ్గా చేయొచ్చు," అంది.

తుడుచుకుని, గౌను వేసుకుని, వాకర్ పట్టుకుని హాల్లోకి వచ్చాక ఇల్సా ఆంటీ అలమర కింది అర చూపించింది. "నీలం అట్ట. తియ్యి. తేదీ అందులో ఉండాలి."

అది ఆ డివిజన్ చరిత్ర. యుద్ధమయ్యాక బతికి బయటపడ్డ పాత సైనికులు కూడబలుక్కుని రాసి, చందాలతో అచ్చువేయించుకుని, పోయినవాళ్ళ ఇళ్ళకి పోస్టులో పంపారట. ఇల్సా తల్లి దాన్ని ఒక్కనాడూ తెరవలేదు. ఓడలో మాత్రం తెచ్చుకుంది. తల్లి పోయాక చదువుదామనుకుంటూనే ఇల్సాకి ఏళ్ళు గడిచాయి. చదవాలని నిజంగా అనిపించేసరికి కళ్ళు పోయాయి.

"జర్మన్ క్లబ్బులో మీ స్నేహితులున్నారుగా ఆంటీ? వాళ్ళయితే గబగబా చదువుతారు."

"వాళ్ళకీ నాన్నలున్నారు నీరా. వాళ్ళకి కావలసినట్టు చదువుతారు."

అలా చదివే పని నీరజ మీద పడింది. జర్మన్ ముక్క రాదు. గీతిక ఫోన్‌లో ఏదో పెట్టి ఇచ్చింది. కెమెరా పేజీ మీద పెడితే జర్మన్ అక్షరాల మీదే తెలుగు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఆ తెలుగు కూడా ఒక రకం తెలుగు. "మన రెజిమెంటు బురదయందు నిలుచుండెను. గుర్రములు తమ అలసటను వ్యక్తపరచినవి." దాన్ని నీరజ మనసులో మామూలు తెలుగు చేసుకుని, ఆ తెలుగుని తనకొచ్చిన ఇంగ్లీషు చేసి చెప్పేది. ఇల్సా ఆంటీ దాన్ని మళ్ళీ లోపల జర్మన్ చేసుకుని వినేదేమో. గంటన్నర విజిట్‌లో స్నానం, టిఫిను పోగా ఇరవై నిమిషాలు మిగిలేవి.

ఆ ఇరవై నిమిషాల్లో రెండు వారాలపాటు ఆ డివిజన్ నడిచింది. నలభై ఒకటి ఎండాకాలంలో రోజుకి నలభై కిలోమీటర్లు, వీపు మీద మూటలతో, దుమ్ములో. లారీలు లేవు, బండ్లన్నీ గుర్రాలే. వానలొచ్చాక చక్రాలు ఇరుసుదాకా దిగిపోయాయి. చలికాలంలో బూట్లకి కాళ్ళు అతుక్కుపోయాయి. పైవాళ్ళు ముందుకి నడవమంటే నడిచారు, ఒక ఊరి దగ్గర పదిహేను నెలలు గోతుల్లో కూర్చోమంటే కూర్చున్నారు. ఏ పేజీ తీసినా ఎవరో ఒకరు నిద్రలేక నిలబడి ఉన్నారు. నీరజకి జాలేసేది. ఎవరి మీద జాలిపడుతున్నానా అని మళ్ళీ భయమేసేది. వీళ్ళని ఎవరు రమ్మన్నారు అంత దూరం?

"గుర్రాల గురించి ఉంటే అది మాత్రం వదలకు," అనేది ఇల్సా ఆంటీ. నాన్న ముఖం ఆవిడకి గుర్తు లేదు. కోటుకున్న గుర్రం వాసన గుర్తుంది. చివరి ఉత్తరంలో నాలుగు ముక్కలు తల్లి చదవగా చదవగా నోటికి వచ్చేశాయి. "వానలు లేవు. ఈ వారమంతా గడ్డి మోస్తున్నాం. లీజల్ అలసిపోయింది, నేనూ అలసిపోయాను." లీజల్ అంటే గుర్రం. "మా నాన్న ఎవర్నీ కాల్చలేదు. బండి తోలాడు. గడ్డి మోశాడు. యుద్ధంలో కూడా రైతుగానే ఉన్నాడు," అనేది. చెప్పినప్పుడల్లా ఆ మచ్చపడ్డ కళ్ళు కిటికీ వైపు తిప్పుకునేది. తన దగ్గర ఉన్న నాన్నంతా ఆ నాలుగు ముక్కలే.

అమావాస్య ఇంకో పదమూడు రోజులుందనగా నీరజకి కంగారు పట్టుకుంది. పేర్లూ తిథులూ పంతులుగారికి ముందే పంపాలి. ఈ నడక చూస్తే నలభై మూడు శరదృతువు దాకా చేరేట్టు లేదు. సోమవారం ఆవిడ ఇంటి నుంచి వచ్చేముందు, ఆవిడకి చెప్పి, ఆ భాగం పేజీలన్నీ ఫోటోలు తీసుకుంది.

మంగళవారం మధ్యాహ్నం రెండిళ్ళ మధ్య నలభై నిమిషాలు ఖాళీ. షాపుల దగ్గర కారాపి, పెరుగన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది.

డివిజన్ వెనక్కి నడుస్తోంది. రెండేళ్ళ కిందట వచ్చిన దారినే, నదులు దాటుకుంటూ. శత్రువుకి ఏదీ మిగల్చకూడదని పైనుంచి ఆజ్ఞ. ఇల్లు, గింజ, గొడ్డు, బావి, ఏదీ. ఊళ్ళ పేర్లు ఫోను పలకలేక ఎలాగోలా రాసింది. సెప్టెంబరు ఇరవై తొమ్మిది దగ్గర మూడో కంపెనీ పేరు కనిపించింది. నీరజ చెంచా డబ్బాలో పెట్టేసింది.

"తెల్లవారుజాము నుండి మూడవ కంపెనీ బండ్లు గృహములకు గడ్డిని చేరవేసినవి. నివాసులు అడవివైపునకు పంపబడిరి. నడవలేని వారి విషయమున సమాచారము లేదు. మధ్యాహ్నమునకు అరువది ఒక్క గృహములు దగ్ధమైనవి. పని క్రమశిక్షణతో ముగిసెను. చివరగా బయలుదేరిన మూడు బండ్లు రేవు వద్ద శత్రువు చేత చిక్కినవి. బండి తోలువారు క్రౌస్, ఫెల్నర్, ఎరిక్ హోల్ట్ తిరిగి రాలేదు."

మళ్ళీ చదివింది. ఫోను తప్పు చెప్పిందేమోనని పేజీ అటు జరిపి ఇటు జరిపి మళ్ళీ పెట్టింది. ప్రతిసారీ గడ్డే.

నడవలేనివాళ్ళు. వాళ్ళ గురించి పుస్తకానికి ఏమీ తెలియకపోవచ్చు, నీరజకి తెలుసు. నడవలేనివాళ్ళని కుర్చీలోంచి లేపాలంటే ముందు ముందుకి జరపాలి, పాదాలు నేల మీద ఆనాయో లేదో చూడాలి, చంక కింద పట్టుకోకూడదు, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టాలి. నిలబడ్డాక కళ్ళు తిరుగుతాయి, ఒక నిమిషం ఆగాలి. గడ్డికి నిప్పంటుకుంటే ఆ నిమిషం ఎవరు ఆగుతారు?

తరవాతి ఇంటికి ఆరు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది.

సాయంత్రం అన్నాల దగ్గర చెప్పింది. భానుప్రసాద్ కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని విన్నాడు.

"తేదీ దొరికిందిగా. తేదీ చెప్పు, ఊరుకో. మిగతాది నీకెందుకు?"

"ఎక్కడ దొరికిందని అడిగితేనో?"

"పుస్తకంలో దొరికిందను. అబద్ధం కాదుగా! నీరజా, ఆవిడకి గుండె జబ్బు. నువ్వు చెప్పి, ఆవిడకేదన్నా అయితే? కొడుకు కేసు పెడితే? ఇక్కడే ఉండిపోవడానికి పెట్టుకున్న మన పీఆర్ ఫైలు ఇంకా ఇమిగ్రేషన్ వాళ్ళ టేబుల్ మీదే ఉంది."

"చూశావుటే, మీ నాన్న కూడా మొదలుపెట్టారు నా ఛానల్," అంది నీరజ కూతురితో.

గీతిక నవ్వలేదు. ఫోన్‌లో ఆ పేజీ చూస్తోంది. "అమ్మా, షీ ఆస్క్‌డ్ యూ టు రీడ్ ఇట్. ఇట్స్ హర్ డాడ్, నాట్ యువర్స్."

"నాకు తెలుసే. కానీ ఆ నాలుగు ముక్కలూ పట్టుకుని బతికింది ఎనభై ఏళ్ళు. ఇప్పుడు నేను పోయి లాక్కోనా?"

"దెన్ డోంట్. బట్ యూ కాంట్ గివ్ హర్ హాఫ్ ద పేజ్."

అన్నాలయ్యాక నీరజ పాత పంచాంగాలుండే వెబ్‌సైట్‌లో ఆ తేదీ కొట్టి చూసింది. 1943 సెప్టెంబరు 29. భాద్రపద బహుళ అమావాస్య. మహాలయ అమావాస్య. పుస్తకం తెరవకపోయినా, తేదీ తెలియకపోయినా, ఇదే రోజు నీళ్ళు వదిలేవాళ్ళు. ఏ లోపమూ జరిగేది కాదు. ఊరికే తెరిపించింది.

గురువారం దారిపొడుగునా అనుకుంది. తేదీ చెప్పేసి, కాఫీ పెట్టేసి, వచ్చేస్తాను. స్నానం అయింది. మేజోళ్ళు తొడిగింది. గుండె మాత్రలు వేయించింది. వేసుకున్నాకే చెప్పాలని ముందే అనుకుంది.

"తేదీ దొరికింది ఆంటీ. సెప్టెంబరు ఇరవై తొమ్మిది. నది రేవు దగ్గర. మూడు బండ్లు దొరికిపోయాయి, నాన్నగారిది ఒకటి. పేరు కూడా ఉంది, ఎరిక్ హోల్ట్ అని."

ఇల్సా ఆంటీ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "పేరు ఉందా?" అంది. తరవాత, "ఆ పేజీ చదువు," అంది.

నీరజ ఫోను తీసింది. డివిజన్ వెనక్కి నడవడం చదివింది. రేవు దగ్గర జరిగింది చదివింది. మధ్యలో ఉన్నది దాటేసింది.

"రోజూ నత్తలా చదువుతావు. ఇవాళ రైలు పట్టుకోవాలా?"

"లేదాంటీ."

"గుర్రాలు ఎక్కడ? రేవు దాకా వచ్చేముందు బండ్లు ఏం చేస్తున్నాయి? ఖాళీగా నిలబెట్టరు కదా."

నీరజ ప్రతిరోజూ లేని ఘోరాలు ఊహించుకునే మనిషి. నిజం ఘోరం ఒకటి చేతిలోకి వచ్చేసరికి దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియలేదు. "వద్దాంటీ. నాకు భయంగా ఉంది. మీకేమన్నా అవుతుంది."

"నాకేమన్నా అవుతుంది, ఎలాగూ. చదువు నీరా. నత్తలా చదువు."

చదివింది. ఒక్కొక్క ముక్కా. తెల్లవారుజామున మూడో కంపెనీ బండ్లు ఇళ్ళకి గడ్డి తెచ్చాయి. ఊరివాళ్ళని అడవివైపు తోలేశారు. నడవలేనివాళ్ళ సంగతి తెలియదు. మధ్యాహ్నానికి అరవై ఒక్క ఇళ్ళు కాలిపోయాయి. 'క్రమశిక్షణతో' అన్నదానికి ఇంగ్లీషు వెతుక్కుని, అదీ చెప్పింది.

కిటికీ బయట ఎవరో లాన్ కోస్తున్నారు. మిషన్ అటు పోయి ఇటు వచ్చింది.

"గడ్డి," అంది ఇల్సా ఆంటీ.

నీరజ ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ వారమంతా, అని రాశాడు. వారమంతా అంటే ఎన్ని ఊళ్ళు?"

"అది రాయలేదాంటీ."

"మా అమ్మ ఎందుకు తెరవలేదో..." అని ఆపేసింది. "నువ్వింక వెళ్ళు నీరా. టైమైంది."

ఇంకా పది నిమిషాలుంది. నీళ్ళ గ్లాసు చేతికి అందేట్టు పెట్టింది. ప్రమాదమైతే నొక్కే బటన్ మెడలోనే ఉందో లేదో చూసింది. కారులో కూర్చుని నోట్సు తెరిస్తే, క్లయింట్ మూడ్ అని నాలుగు గళ్ళు వచ్చాయి: సంతోషం, మామూలు, దిగులు, ఆందోళన. దేని మీదా వేలు ఆనలేదు. చివరికి దిగులు నొక్కి, కింద 'తండ్రి గురించి మాట్లాడారు' అని రాసింది.

శుక్రవారం ఆఫీసు నుంచి ట్రేసీ ఫోన్ చేసింది. సోమవారం విజిట్ వద్దందట ఇల్సా. కారణం చెప్పలేదట. "ఏమన్నా జరిగిందా?"

"పుస్తకం చదివాను," అంది నీరజ.

"ఓకే, లవ్," అంది ట్రేసీ, ఏదో రాసుకుంటూ. ఆ రాసుకోవడమే నీరజకి వినిపించింది.

ఆ మూడు రోజులూ నీరజ మనసులో చేసిన ప్రయాణం ఆ డివిజన్ కూడా చేసి ఉండదు. ఆవిడ స్నానాలగదిలో పడిపోయింది. కాదు, కంప్లైంట్ రాసింది. కాదు, కొడుకు పెర్త్ నుంచి విమానం ఎక్కాడు. ఉద్యోగం పోయింది, పోలీసు సర్టిఫికెట్‌లో ఏదో చేరింది, పీఆర్ ఫైలు వెనక్కి వచ్చింది, గీతిక చదువు సగంలో ఆగింది. సోమవారం తొమ్మిదింటికి, అక్కడ పని లేకపోయినా, కారు వేసుకుని సాలిస్‌బరీ వెళ్ళింది. వీధి చివర ఆపి చూసింది. కిటికీ పరదాలు తీసే ఉన్నాయి. అంటే లేచింది. అంటే బతికే ఉంది. వెనక్కి తిప్పుకుని వచ్చేసింది. మిగతా ఇళ్ళకి సెలవు చెప్పి, ఇంటికొచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా మెలకువ రాలేదు.

బుధవారం ట్రేసీ మళ్ళీ ఫోన్ చేసింది. "రేపు వెళ్ళు. ఇంకెవరూ వద్దంటోంది. మేజోళ్ళు నీకొక్కదానికే తొడగడం వచ్చట."

గురువారం ఇల్సా ఆంటీ తలుపు తనే తీసింది. వాకర్ పట్టుకుని నిలబడి, వారం రోజుల్లో కొంచెం కుంగినట్టుంది. స్నానం అయింది. హాల్లో నీలం అట్ట పుస్తకం బల్ల మీద ఉంది, మళ్ళీ అరలోకి వెళ్ళలేదు.

మేజోళ్ళు తొడుగుతుంటే పైనుంచి అడిగింది. "ఆదివారమేగా మీది?"

"అవునాంటీ. నాన్నగారి పేరు పంపించేశాను. గోత్రం అని ఒకటి కావాలి, లేనివాళ్ళకి పంతులుగారే ఒకటి చెప్పి కలుపుకుంటారు. అన్నీ సరిగ్గా జరుగుతాయి. మీ నాన్నగారి తేదీ కూడా మా లెక్కలో అదే రోజు. ఏ రోజు పోయారో తెలియనివాళ్ళందరికీ పెట్టే రోజు."

"ఏ రోజు పోయారో తెలియనివాళ్ళకి," అని తిరిగి అంది ఆవిడ. "పేరు కూడా తెలియకపోతే?"

నీరజ ఆలోచించింది. తర్పణం అంతా అయ్యాక, చివర్లో, భుజం మీది గుడ్డ కొస తడిపి పిండుతారు. ఆ పిండిన నీళ్ళు ఎవరూ లేనివాళ్ళకి. కొడుకులు లేకుండా పోయినవాళ్ళు, పేరు తలిచే మనిషి లేనివాళ్ళు, వాళ్ళు అవి తాగుతారని చెప్తారు. ఇంగ్లీషులో ఎంతవరకు చెప్పగలదో అంతవరకు చెప్పింది.

"గుడ్డ పిండుతారా?"

"అవును. కొంచెమే వస్తాయి నీళ్ళు."

ఇల్సా ఆంటీ కాలు వెనక్కి తీసుకుంది. "అయితే అది చెయ్యండి. నడవలేనివాళ్ళకి. మా నాన్నకి వద్దు."

"వద్దా?" నీరజ మోకాళ్ళ మీద అలాగే ఉండిపోయింది. తిథి దొరికాక, పేరు పంపాక, ఆపేస్తే ఆ మనిషి నీళ్ళు లేకుండా ఎక్కడ తిరుగుతాడు? ఆ ఉసురు ఎవరికి? "ఆంటీ, తప్పేమో. ఎంతయినా నాన్న."

"నాన్నే. కాదన్నానా? ఇంకా ఆయన గడ్డి మోస్తూనే ఉన్నాడు నీరా. పొద్దున్న లేస్తే మోస్తున్నాడు. ఏమనుకోవాలో తేలలేదు. తేలితే నేనే చెప్తాను." రెండో కాలు ముందుకి పెట్టి, "ఆ రోజు మళ్ళీ వస్తుందా?" అంది.

"ప్రతి ఏడూ వస్తుందాంటీ."

"అది వస్తుందిలే," అంది ఆవిడ. "రెండో కాలు వదిలేశావు."

నీరజ రెండో మేజోడు తొడిగింది. ముడతలు లేకుండా మోకాలిదాకా లాగింది. నోట్సులో మూడ్ దగ్గర మామూలు అని నొక్కి, అది చెరిపి, ఖాళీగా వదిలేసింది.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు. నరసరావుపేటలో ఎనిమిది. పెరట్లో పీట వేసి, ఫోను రోజా కుండీకి ఆనించి పెట్టారు. వీడియోలో పంతులుగారు తడి జుట్టుతో కనిపిస్తున్నారు. భానుప్రసాద్ పంచె కట్టుకుని కూర్చోబోతూ కిందికి చూశాడు.

"ఇక్కడ మొక్కలకి పరిచిన బఠాణీ గడ్డి ఏదీ? పోయిన నెలేగా రెండు మోపులు తెచ్చి వేసింది!"

"తీసేశాను," అంది నీరజ. "చెత్తబుట్టలో ఉంది."

"మొత్తం తీసేశావా?"

"కూర్చోండి ముందు. పంతులుగారు చూస్తున్నారు."

తండ్రి, తాత, ముత్తాత. నువ్వులు, నీళ్ళు, బొటనవేలి పక్కనుంచి జారి పళ్ళెంలో పడుతున్నాయి. ఫెన్స్ మీద మ్యాగ్‌పై ఒకటి వచ్చి వాలింది. నీరజ గీతికని చేయిపట్టి వరండాలోకి లాగింది.

"అమ్మా, ఇట్స్ జస్ట్ సిట్టింగ్ దేర్."

"అలాగే కూర్చుని పొడుస్తుంది."

తల్లివైపు వాళ్ళు కూడా అయ్యారు. పంతులుగారు కాగితం కళ్ళజోడుకి దగ్గరగా పెట్టుకున్నారు. "ఇంకొక పేరు రాశారమ్మా. కాశ్యప గోత్రం, ఎరిక్..."

"వద్దండీ పంతులుగారూ. ఆ పేరు తీసేయండి."

భానుప్రసాద్ తలెత్తి చూశాడు. "ఏంటి?"

"వాళ్ళమ్మాయి వద్దంది."

"పిలిచి వద్దనడం ఏంటమ్మా, మంచిది కాదు," అన్నారు పంతులుగారు.

మంచిది కాదని నీరజకి మాత్రం తెలియదా? పిల్ల ఎదురుగా నిలబడి ఉంది. తల నుంచి కాళ్ళదాకా ఏ కీడు ఎక్కడ తగలొచ్చో అన్నీ కళ్ళముందు కదిలాయి. అయినా ఆ నాన్న తనవాడు కాదు. ఆయనకి నీళ్ళు వదలమని చెప్పే హక్కు కూడా తనది కాదు. "ఆవిడ చెప్పినప్పుడు చేయిద్దామండీ. ఇప్పుడొద్దు," అంది.

పంతులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే. ఇక ఉత్తరీయం కొస తడపండి బాబూ. ఎవరూ లేనివాళ్ళకి."

భానుప్రసాద్ గుడ్డ కొస చెంబులో ముంచి, రెండు చేతుల మధ్య పెట్టి మెలిపెట్టాడు. గడ్డి తీసేసిన వట్టి నేల మీద నాలుగు చుక్కలు పడ్డాయి. పడ్డచోటే ఇంకిపోయాయి.

"అయిందా?" అన్నాడు లేవబోతూ.

"ఇంకొంచెం పిండండి," అంది నీరజ.

"పిండానుగా."

"చాలామంది ఉన్నారండీ. మళ్ళీ ముంచి పిండండి."

అతను ఆమె ముఖం చూశాడు. గుడ్డ మళ్ళీ చెంబులో ముంచాడు.